రేవులో జారిన ఉంగరం

చన్నీళ్లలో వేళ్లు సన్నబడతాయి. చలికి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. పొద్దున ఇంటి దగ్గర బిగుతుగా ఉన్న ఉంగరం కృష్ణలో మూడో మునక వేసేసరికి వదులైపోతుంది. ఒంటికి రాసుకున్న నూనో, సబ్బో దానికి తోడైతే ఇక చెప్పే పనే లేదు. జారేటప్పుడు చప్పుడు కాదు, వేలికి తెలియదు. గట్టుకొచ్చి తల తుడుచుకుంటూ అలవాటుకొద్దీ బొటనవేలితో ఉంగరపు వేలిని తడుముకున్నప్పుడు గుండె గుభేలుమంటుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఊళ్లకు సముద్రం లేదు. కానీ మునగడానికి నీళ్లకు కొదవ లేదు. మిర్యాలగూడ వాళ్లు దామరచర్ల దాటితే వాడపల్లి చేరతారు. అక్కడ మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. కోదాడ, హుజూర్‌నగర్ వాళ్లకు మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలోనే కృష్ణ రేవు ఉంది. సముద్రమే కావాలనుకున్నా దారి తెలిసిందే. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి తిన్నగా మచిలీపట్నం చేరుతుంది. అక్కడి నుంచి మంగినపూడి ఒడ్డు ఎంతో దూరం లేదు. కార్తీకం వస్తే ఇంటిల్లిపాదీ బండెక్కుతారు. ఇన్ని వేల వేళ్లు నీళ్లలో మునిగే చోట ఉంగరాలు పోవడం వింత కాదు. పోయిన ఉంగరం కోసం పద్ధతిగా వెతికే మనిషి ఒక్కరూ లేకపోవడమే వింత.

ఉంగరం పోయిన మనిషికి మనవాళ్లు చెప్పే ఊరట ఒకటుంది. ‘పోనీలే, కృష్ణమ్మ తీసుకుంది. మొక్కు చెల్లిందనుకో.’ ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ ఊరటతో వెతుకులాట అక్కడే ఆగిపోతుంది. పావు తులం బంగారం అంటే కూలికి పోయే ఇంట్లో ఎన్ని నెలల కూడబెట్టో లెక్క వేసుకోవచ్చు. పైగా ఆ ఉంగరం వట్టి బంగారం కాదు. నిశ్చితార్థం నాడు తొడిగింది కావచ్చు. అల్లుడికి అత్తగారు పెట్టింది కావచ్చు. తాకట్టుకు పోయి, విడిపించుకుని, మళ్లీ పోయి, మళ్లీ ఇంటికొచ్చింది కావచ్చు. తండ్రి పోయాక కొడుకు వేలికి ఎక్కింది కావచ్చు. అదే బరువుతో, అదే మచ్చుతో కొత్తది చేయిస్తే ఆ లోటు తీరదు.

మన పెళ్లిళ్లలో తలంబ్రాలు అయ్యాక బిందెలో నీళ్లు పోసి, ఉంగరం వేసి, వధూవరులిద్దరి చేతా వెతికిస్తారు. సన్నటి మూతిలోంచి రెండు చేతులూ లోపలికి దూరతాయి. చుట్టూ ఆడపడుచులు కేకలు వేస్తారు. కొత్త దంపతులు కలిసి చేసే మొదటి పనుల్లో నీళ్లలో ఉంగరం వెతకడం ఒకటి. ఎవరి చేతికి దొరికినా ఆ ఉంగరం ఇంట్లోనే ఉంటుంది. రేవులో పోయినదాన్ని కూడా అలాగే ఇల్లు చేర్చాలన్నది నా కోరిక.

అది కుదిరే పనేనా అంటే, చాలాసార్లు కుదురుతుంది. కారణం బంగారం బరువు. మేలిమి బంగారం నీటికంటే 19 రెట్లు బరువు. నగల్లో వాడే 22 క్యారెట్లది కూడా 17 రెట్లకు తగ్గదు. ఇసుక రేణువు నీటికి రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ, అంతే. అందుకే రేవు మెట్ల దగ్గర, పారుదల నెమ్మదిగా ఉన్న చోట, ఉంగరం ఆకులా కొట్టుకుపోదు. పడ్డ చోటికి దగ్గర్లోనే ఇసుకలోకో ఒండ్రులోకో దిగుతుంది. నలుగురూ కంగారుగా దిగి కాళ్లతో కెలికితే ఇంకా లోతుకు పోతుంది. ఉంగరం పోయిందని తెలిసిన క్షణం నుంచి మొదటి గంటలో జరిగే అసలు నష్టం ఈ తొక్కిడే.

నదీ తీరాల్లో తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలోకి విసిరే పిల్లలను చూసే ఉంటారు. భక్తులు వేసిన రూపాయి, రెండు రూపాయల బిళ్లలు టపటపా అతుక్కుని పైకొస్తాయి. ఉక్కు నాణేలు కాబట్టి అవి అంటుకుంటాయి. బంగారం అయస్కాంతానికి అంటదు, వెండీ అంటదు. ఆ పిల్లలు రోజంతా తాడు విసిరినా వాళ్లకు ఉంగరం దొరకదు. దానికి వేరే సాధనం కావాలి.

ఆ సాధనం మనకు తెలియనిదేమీ కాదు. గుడి ముందు, సినిమా హాలు ముందు పోలీసులు ఒంటి చుట్టూ తిప్పే మెటల్ డిటెక్టర్‌కు అది అన్న. పొడుగాటి కర్ర, చివర పళ్లెమంత తీగచుట్ట, చెవులకు హెడ్‌ఫోన్. తీగచుట్టలో మారుతూ ఉండే కరెంటు చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం నేలలోని లోహాన్ని తాకితే లోహంలో చిన్న చిన్న సుడులుగా కరెంటు తిరుగుతుంది. ఆ సుడులు మళ్లీ తమ సొంత క్షేత్రాన్ని వెనక్కి పంపుతాయి. యంత్రం దాన్ని పట్టుకుని చెవిలో మోగుతుంది. ఉంగరం తెగని గుండ్రం కాబట్టి సుడి బాగా తిరుగుతుంది, మోత గట్టిగా వస్తుంది. అంతే బంగారమున్న సన్నటి గొలుసు చిన్న చిన్న లంకెల వల్ల సరిగా పలకదు. మామూలు యంత్రాలకు ఉంగరం జానెడు లోతు వరకే అందుతుంది. కెలకొద్దనేది అందుకే.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు, ఒంట్లో దాగిన తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి యంత్రమే తయారుచేశాడు. తూటా దొరకలేదు, అధ్యక్షుడు దక్కలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే సూత్రం మందుపాతరలు వెతికి సైనికుల ప్రాణాలు నిలబెట్టింది. ఆ తర్వాత సముద్రపు ఒడ్డులకు చేరింది. పాశ్చాత్య దేశాల తీరగ్రామాల్లో దీన్నే వ్యాపకంగా పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఉంగరం పోయిందని కబురందితే వచ్చి వెతికిపెడతారు. కొందరు దారి ఖర్చులు, సొంతదారు సంతోషంగా ఇచ్చింది మాత్రమే తీసుకుంటారు. ఒక మనిషి పోగొట్టుకున్నదాన్ని ముక్కూ మొహం తెలియని ఇంకో మనిషి ఎండలో నిలబడి వెతకడం నాకు గొప్ప పనిగా కనిపిస్తుంది.

మన రేవుల్లో ఆ పని ఇంకా కష్టం. బంగారపు ఉంగరానికీ అల్యూమినియం రేకు ముక్కకూ యంత్రంలో మోత ఇంచుమించు ఒకేలా ఉంటుంది. రేకును వదిలేద్దామని యంత్రాన్ని సర్దితే ఉంగరమూ దాంతోపాటు పోతుంది. అందుకే మోగిన ప్రతిచోటా తవ్వాల్సిందే. కర్పూరం పొట్లాల రేకులు, గుట్కా పొట్లాలు, సీసా మూతలు, తలనీలాలు తీసిన బ్లేడ్లు, పసుపు పట్టిన పాత పైసలు అన్నీ పైకొస్తాయి. ఉంగరం దొరికినా దొరక్కపోయినా రేవులో దిగే పిల్లల అరికాళ్లకు గుచ్చుకునే ఇనుము మాత్రం తగ్గుతుంది. ఆ ఒక్క మేలు చాలు, ఈ పని పెట్టుకోవడానికి. నదిలో ఒక సుఖమూ ఉంది. సముద్రపు తడి ఇసుకలో ఉప్పు ఉంటుంది. ఉప్పునీరు కరెంటును పారనిస్తుంది కాబట్టి మామూలు యంత్రం లోహం లేకపోయినా మోగుతూనే ఉంటుంది. మంగినపూడిలో వెతకాలంటే అందుకు తగ్గ యంత్రం వేరే కావాలి. కృష్ణ నీళ్లలో ఆ బెడద లేదు.

అసలు వెతుకులాట యంత్రం కంటే ముందే, పోగొట్టుకున్న మనిషి జ్ఞాపకంతో మొదలవుతుంది. ఏ మెట్టు దిగారు? నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయా, నడుం దాకానా? ఎటు తిరిగి అర్ఘ్యం ఇచ్చారు? అక్కడ నిలబడితే ధ్వజస్తంభం ఏ పక్క కనిపించింది? రెండు గుర్తులు చెబితే చోటు దొరుకుతుంది. తర్వాత తాళ్లు కట్టి, నేలను గళ్లుగా విడదీసి, గడి తర్వాత గడి వెతకాలి. వాడపల్లి దగ్గరా మట్టపల్లి దగ్గరా నీటి మట్టం ఎగువన నాగార్జునసాగర్ నుంచి వదిలినదాన్ని బట్టీ, దిగువన పులిచింతలలో నిలిచినదాన్ని బట్టీ మారుతుంది. అందుకే ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంత నీళ్లలో అన్నది రాసిపెట్టుకుంటే ఎండాకాలంలో నీళ్లు తీసినప్పుడు కూడా వెతకవచ్చు.

ఇంత కష్టపడి దొరికాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఇది ఎవరిది? యంత్రానికి ఆ ప్రశ్న తెలియదు. దానికి అన్ని లోహాలూ ఒకటే. మనకు మాత్రం దొరికిన చోటును బట్టి జవాబు మారుతుంది.

కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో తుఫాను వెలిసిన మర్నాడు ఆడామగా, పిల్లాజెల్లా ఇసుకలో కూర్చుని బంగారపు నలుసులు ఏరుకుంటారు. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత అలా ఏరిన వార్త దేశమంతా తెలిసింది. జామ్దానీ చీరలకు పేరుపడ్డ ఆ ఊరిని సముద్రం ఏళ్ల తరబడి కోస్తోంది. ఇళ్లు, గుళ్లు నీళ్లపాలయ్యాయి. వాటి బంగారమే ఒడ్డుకొస్తోందని అక్కడివాళ్ల నమ్మకం. ఆ నలుసు ఎవరి ముక్కెరదో చెప్పగలవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇల్లూ వాకిలీ కెరటాలకు ఇచ్చుకున్నవాళ్లు గోరంత బంగారం ఏరుకుంటే వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు.

సూర్యాపేట జిల్లా ఫణిగిరి సంగతి వేరు. ఆ బౌద్ధ క్షేత్రంలో 2024 మార్చి 29న పురావస్తు శాఖ వాళ్లు తవ్వుతుంటే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు ఉన్న ఆ నాణేలు ఇక్ష్వాకుల కాలానివి. అవి ఏ ఒక్కరివీ కావు, మనందరివీ. ఏ లోతులో, ఏ మట్టి పొరలో, పక్కన ఏ పూసలతో ఉన్నాయన్నదే వాటి విలువ. రాత్రిపూట డిటెక్టర్ పట్టుకుని గుప్తనిధుల కోసం గుట్టలు తవ్వేవాడు సీసం పట్టుకుపోతాడు, చరిత్రను చెరిపేస్తాడు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన పాత నిక్షేపం ఏది దొరికినా కలెక్టరుకు చెప్పి తీరాలి. ఉంగరాలు వెతికే చేయి ఫణిగిరి వైపు పోకూడదు.

ఉంగరం ఈ రెండు కోవల్లోకీ రాదు. దానికి సొంతదారు ఉన్నారు, బహుశా ఇప్పుడే ఏ ఇంట్లోనో దిగులుపడుతున్నారు. మన చట్టం ఈ మాట చాలా కాలం కిందే చెప్పింది. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతిలో 403వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చంగా ఉంగరం గురించే. విలువైన ఉంగరం దొరికినవాడు, అది ఎవరిదో కనుక్కునే ప్రయత్నమే చేయకుండా వెంటనే అమ్మేస్తే నేరస్థుడని అది చెప్పింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం దొరికిన వస్తువును తన దగ్గర ఉంచుకున్నవాడికి, ఇతరులు అప్పగించిన సొత్తును కాపాడేవాడికి ఉన్నంత బాధ్యత పెట్టింది. అదే చట్టం వెతికిచ్చినవాడి కష్టాన్నీ మరిచిపోలేదు. దాచడానికీ, సొంతదారును వెతకడానికీ పడిన శ్రమకు పరిహారం అందేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకోనిచ్చింది. ఇస్తామని ప్రకటించిన బహుమానం రాబట్టుకునే హక్కూ ఇచ్చింది.

కాళిదాసు శాకుంతలంలో శచీతీర్థంలో జారిన ఉంగరం చేప కడుపులోంచి జాలరి చేతికొస్తుంది. భటులు అతణ్ని దొంగ అని కట్టిపడేస్తారు. చివరికి రాజు ఉంగరం విలువకు సరిపడా ధనం పంపిస్తాడు. ఆ కథను 15వ శతాబ్దంలో తెలుగు కావ్యం చేసిన పినవీరభద్రుడి ఇంటిపేరు పిల్లలమర్రి. సూర్యాపేట పక్కన కాకతీయుల నాటి గుళ్లున్న ఊరి పేరూ అదే. శకుంతల కన్నీళ్లు అందరికీ గుర్తున్నాయి. నాకు మాత్రం ఆ జాలరి మీదే మనసు పోతుంది. దొరికినదాన్ని పట్టుకున్న పేదవాణ్ని ముందు దొంగగా చూడటం ఇవాళ్టికీ పోలేదు. రేవులో ఉంగరం దొరికిన కుర్రాడు తెచ్చివ్వడానికి భయపడేది అందుకే. ఎక్కడ ఇవ్వాలో, ఇస్తే ఏమంటారో తెలియక జేబులో వేసుకుంటాడు.

కాబట్టి ఆ ‘ఎక్కడ’ అన్నది మనం కల్పించాలి. కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో జరిగాయి, మళ్లీ 2028లో వస్తాయి. పుష్కర రేవుల్లో తప్పిపోయిన పిల్లల కోసం మైకు పెట్టి, పేరు పిలిచి, అమ్మ చేతికి అప్పగించే ఏర్పాటు చేసుకుంటాం. దాని పక్కనే ఒక బల్ల, ఒక పుస్తకం, మెటల్ డిటెక్టర్ వాడటం నేర్చిన ఇద్దరు యువకులు ఉంటే చాలు. వాడపల్లిలో ఒకటి, మట్టపల్లిలో ఒకటి. పోయిన వస్తువు వివరాలు పుస్తకంలో రాయించాలి. లోపలి వైపు చెక్కిన పేరో, రాయి రంగో, అరిగిన అంచో సొంతదారు నోట చెప్పించుకుని, సరిపోలితే సంతకం తీసుకుని ఇవ్వాలి. తెచ్చిచ్చినవాణ్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పేరు రాసి, మైకులో నలుగురికీ చెప్పాలి. మిర్యాలగూడ మిల్లర్లూ, కోదాడ వ్యాపారులూ, సూర్యాపేట కాలేజీ పిల్లలూ తలచుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు. పుష్కరాల దాకా ఆగనక్కర్లేదు కూడా. వచ్చే కార్తీక పౌర్ణమికి ఒక్క రేవులో మొదలుపెట్టినా, ఆ రోజు ఒక్క మనిషి ఏడుపు ఆగినా, పెట్టిన బల్లకు ఫలితం దక్కినట్టే.