మొదటి నవ్వు యెవరిది?

సాయంత్రాలు తార్నాక నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయంలోకి నడిచి వెళ్లడం నాకు చదువుకునే రోజులనుంచీ అలవాటు. ఆర్ట్స్ కళాశాల మెట్లమీద కూర్చుని లోకాన్ని మార్చే మాటలు మాట్లాడుకున్నవాళ్లలో నేనూ వొకణ్ణి. మొన్న అవే మెట్లమీద నలుగురు కుర్రవాళ్లు వొక ఫోనుమీదకు వంగి నవ్వుతున్నారు. అందులోంచి వినిపిస్తున్న గొంతు నాది.

సంగతి యిది. నేను పాఠం చెప్పే చోట వొక అమ్మాయి కవిత చదువుతూ ‘భాష’ను ‘బాస’ అంది. నేను సరిదిద్దాను, సరిదిద్దుతూ నవ్వాను. నన్ను చూసి తరగతి నవ్వింది. యెవరో దాన్ని వీడియో తీశారు. రాత్రికి అది తరగతి వాట్సాప్ గ్రూపులో పడింది. మరునాటికి పేరులేని ఖాతా వొకటి దానికి పాట తగిలించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. కింద వ్యాఖ్యల్లో ఆమె వూరు వచ్చింది, రంగు వచ్చింది, చివరికి కులం వచ్చింది. ఉచ్చారణ మాట అందరూ మరిచిపోయారు.

పేరులేని ఉత్తరాన్ని మనవాళ్లు ఆకాశరామన్న ఉత్తరమన్నారు. దాన్ని చించి పొయ్యిలో వేస్తే పోయేది. రచ్చబండ దగ్గర అవమానపడ్డవాడు యింటికిపోయి తలుపు వేసుకునేవాడు. యీ ఫోను తలుపు లోపలికీ వస్తుంది. అయినా సాధనమే కొత్తది, సరుకు పాతదే. జనం యెంతసేపు చూస్తే ఆ కంపెనీలకు అంత ప్రకటనల రాబడి. చూసేది కవితనా, కన్నీళ్లనా అన్నది వాటికి అక్కరలేదు.

బడిపిల్లల వేధింపులను 1970ల నుంచి పరిశోధించిన డాన్ ఓల్వియస్, బలాబలాల తేడా వేధింపుకు ముఖ్య లక్షణమన్నాడు. ఆ తేడా మా తరగతిలో మొదట కనిపించింది నా బల్ల దగ్గరే గదా!

చట్టాలు లేవా? 1997లో ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగు నిషేధ చట్టం వచ్చింది. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టివేసింది. అస్పష్టమైన సెక్షను విమర్శించేవాళ్ల మీదకే తిరుగుతుందని మనమంతా హర్షించాం. నేనిప్పటికీ హర్షిస్తాను. బెదిరింపుకూ, వెంటబడి వేధించడానికీ యిప్పుడూ శిక్షలున్నాయి. నా నవ్వుకు మాత్రం యే సెక్షనూ లేదు.

భాషకు వికృతి బాస అని యెం.ఏ.లో చదువుకున్నాను. కావ్యంలో కనిపిస్తే తద్భవమని మార్కులు వేస్తాను. పల్లెపిల్ల నోట వింటే నవ్వాను. సెప్టెంబరు 9న కాళోజీ జయంతికి జనం భాష గొప్పదని ఉపన్యాసమిచ్చేవాణ్ణీ నేనే.

తప్పు నాదని తరగతిలో అందరిముందూ వొప్పుకున్నాను. నలభై తలలు వంగాయి. గ్రూపులోంచి వీడియో పోయింది. బయట యింకా తిరుగుతూనే వుంది. వారం తర్వాత ఆ అమ్మాయి వచ్చి వెనక బల్లమీద కూర్చుంది. కవిత పూర్తిచెయ్యమని అడిగాను.

“వొద్దు సార్, మళ్ల తీస్తరు,” అంది.

విద్యార్థులకు ఫోను మర్యాద నేర్పవలసిందే. పంపేముందు వొక్క క్షణం ఆగమని చెప్పవలసిందే. కాని మొదటి నవ్వు మనది కాకుండా చూసుకోవడం అంతకుముందు చెయ్యవలసిన పని. దానికి చట్టం రానక్కరలేదు.