నాలుక కరిచే ఆకు

పైపు తాగేవాళ్ళలో ‘టంగ్ బైట్’ అనే మాట బాగా వాడుకలో ఉంది. నాలుకని ఏదో కొరికినట్టు ఉండడం. పైపు మొదలుపెట్టిన కొత్తలో చాలామందికి వస్తుంది. నాలుక చివర చురుక్కుమంటుంది, అంగిలి కాలినట్టుంటుంది, మర్నాడు వేడి కాఫీ తాగాలన్నా భయమే. ఈ మధ్య మా ఆఫీసులో ఒకతను సిగరెట్ మానడానికని పైపు పట్టుకున్నాడు. వారం తిరక్కముందే నన్నడిగాడు, "మీది పొగాకు ఊరు కదా, ఈ మంటకి ఏమైనా ఉపాయం ఉందా?" అని.

మాది కొనకనమిట్ల. మార్కాపురానికీ పొదిలికీ మధ్య ఉంటుంది. మార్కాపురం అంటే జనానికి పలకలు గుర్తొస్తాయి, పొదిలి అంటే మాకు పొగాకు వేలం కేంద్రం. పైపుని నేను చిన్నప్పుడు సినిమాల్లో చూడ్డమే గానీ మా ఊళ్ళో ఎవరి చేతిలోనూ చూళ్ళేదు. అయినా అతని డబ్బా మీద రాసున్న పేరు చూశాక ఇది నాకు సంబంధం లేని సంగతి అనుకోలేకపోయాను. దాని మీద ‘వర్జీనియా’ అని ఉంది. నాలుక మండినప్పుడు పైపు తాగేవాళ్ళు ముందు తిట్టుకునేది ఆ ఆకునే. మా ఇంట్లో పండించేదీ ఆ ఆకునే.

వర్జీనియా సగం పొలంలో పండితే సగం బ్యారన్‌లో పండుతుంది. 1839లో అమెరికాలోని నార్త్ కరోలినాలో స్టీఫెన్ అనే బానిస ఆకు ఆరబెట్టే కొట్టానికి కాపలా ఉన్నాడట. మంట ఆరిపోతుంటే కంగారుగా బొగ్గులు తెచ్చి వేశాడని, ఒక్కసారిగా పెరిగిన ఆ వేడికి ఆకు బంగారు రంగుకి తిరిగిందని చెబుతారు. ఆ ఆకు 1920ల్లో గుంటూరు వైపు నల్లరేగడి నేలల్లోకి వచ్చింది. తర్వాత మా తేలిక నేలలదాకా పాకింది. పద్ధతి మాత్రం ఇప్పటికీ స్టీఫెన్ వేడిదే. పచ్చాకుని కర్రలకి కట్టి బ్యారన్‌లో వేలాడదీస్తారు. పొగ తగలనివ్వకుండా గొట్టాల గుండా వేడి పంపిస్తారు. మొదట 95 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంచి ఆకుని పసుపెక్కనిస్తారు. అక్కణ్ణుంచి మెల్లగా పెంచుకుంటూ, ఈనె విరిగేంత ఎండేదాకా, 160 వరకూ తీసుకెళ్తారు. ఐదారు రోజుల పని. ఆ ఐదారు రాత్రులూ నాయన పడుకున్నట్టే ఉంటాడు గానీ థర్మామీటర్ దగ్గరే ఉంటాడు.

ఆ వేడి చేసే పని ఏమిటంటే, ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారాక, ఆకు ఆ చక్కెరని తినేసేలోపు దాని ప్రాణం తీసేయడం. అందుకే ఎండిన వర్జీనియా ఆకు బరువులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా చక్కెరే ఉండొచ్చు. నీడన వారాల తరబడి ఆరే ఆకు అలా కాదు. అది మెల్లగా చచ్చిపోతూ తన చక్కెరని తనే ఖర్చు పెట్టేసుకుంటుంది.

ఈ తేడా నోటికి బాగా తెలుస్తుంది. చక్కెర ఉన్న ఆకు పొగలో ఆమ్లగుణం ఎక్కువ. చక్కెర లేని ఆకు పొగ క్షారం వైపు ఉంటుంది. క్షారం పొగలో నికోటిన్ బుగ్గ లోపలి చర్మం గుండానే రక్తంలోకి దిగిపోతుంది, పొగ మింగక్కర్లేదు. ఆమ్లం పొగలో అట్లా దిగదు, ఊపిరితిత్తుల దాకా లాగాల్సిందే. సిగరెట్టు ప్రపంచాన్ని గెలిచింది ఈ లాగుడుతోనే. ఇప్పుడు సిగరెట్ అలవాటున్న మా వాడు పైపులో వర్జీనియా దట్టించాడు. పొగ మింగొద్దన్నారు కాబట్టి మింగడు. అలవాటైన కిక్కు రాదు. రాదు కాబట్టి ఇంకా గట్టిగా, ఇంకా త్వరత్వరగా పీలుస్తాడు. గిన్నె వేడెక్కుతుంది, ఆకులో తేమ ఆవిరై వచ్చి నాలుక మీద పడుతుంది. పొడి గాలికంటే ఆవిరి ఎంత కాలుస్తుందో ఇడ్లీ పాత్ర మూత తీసిన ప్రతివాడికీ తెలుసు.

కాబట్టి ఉపాయాలు ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. డబ్బాలోంచి తీసిన ఆకుని కాసేపు ఆరనిచ్చి, వేళ్ళమధ్య నలిపితే అంటుకోకుండా ఉన్నప్పుడే వేసుకోవాలి. గిన్నెలో అడుగున వదులుగా, పైకి వచ్చేకొద్దీ కాస్త బిగువుగా నింపాలి. మరీ కూరితే గట్టిగా పీల్చాల్సి వస్తుంది. గిన్నె చేత్తో పట్టుకోలేనంత వేడెక్కిందంటే ఆపేయాలి. ఆరిపోతే ఆరిపోనీ, మళ్ళీ వెలిగించుకోవచ్చు. గొట్టంలో చేరిన తడిని మధ్యమధ్యలో తుడవాలి. ఒకే పైపుని రోజూ వాడకుండా ఆరడానికి టైమివ్వాలి. పక్కన మంచినీళ్ళు పెట్టుకోవాలి. నాలుక పుండుగా ఉంటే అది మానేదాకా ముట్టుకోకూడదు. ఇంకా మండితే వర్జీనియా తగ్గించి, చక్కెర లేని బర్లీ ఆకు కలుపుకుంటారు.

ఇవన్నీ మా వాడికి చెప్పాను. వారం తర్వాత మంట పోయిందని సంతోషంగా వచ్చి చెప్పాడు. అప్పట్నుంచే నాకు లోపల ఒకటి తొలుస్తోంది.

మా ఉద్యోగాల్లో రాత్రి రెండింటికి అలర్ట్ మోగుతుంటుంది. నిద్ర చెడకుండా ఉండాలంటే రెండు దారులు. సర్వర్‌లో తేడా ఏంటో చూసి బాగుచేయడం ఒకటి. అలర్ట్ మోగే హద్దుని పైకి జరపడం రెండోది. రెండింట్లోనూ ఆ రాత్రి నిద్ర పడుతుంది. పైన నేను చెప్పిన చిట్కాలన్నీ రెండో రకానివి. వేడి తగ్గుతుంది, మంట తగ్గుతుంది. పొగలో క్యాన్సర్ తెచ్చేవి ఎక్కడివక్కడే ఉంటాయి. పైగా నోరు మండనివాడు ఇంకో గిన్నె నింపుకుంటాడు.

మండకపోవడం ఎంత దూరం పోగలదో తెలియాలంటే ఉత్తరాంధ్ర తీరం వైపు చూడాలి. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో అడ్డపొగ అని ఒక అలవాటు ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగుతారు. ఎక్కువగా ఆడవాళ్ళు. గాలికి చుట్ట ఆరిపోదని, పని చేసుకుంటూ తాగొచ్చని చెబుతారు. నిప్పు అంగిలికి అంగుళం దూరంలో ఉంటుంది. పైపు ఆవిరికే నాలుక పట్టుకుని గెంతే మనకి, అలా ఏళ్ళ తరబడి ఎలా తాగుతారో అర్థం కాదు. గడ్డపార పట్టిన చేతికి కాయ కాసినట్టు, అంగిలి తెల్లబడి మందమవుతుంది. అందులో లాలాజల గ్రంథుల నోళ్ళు ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయి. పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు ఆంధ్రాలో 10,169 మంది పల్లెజనం అంగిళ్ళు పరీక్షించి, అడ్డపొగ చేసే మార్పుల గురించి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాశారు. మామూలుగా అంగిలి క్యాన్సర్ అరుదు. అడ్డపొగ ఉన్నచోట అరుదు కాదు.

మామూలు పైపు వేడికి తెల్లబడిన అంగిలి, మానేస్తే చాలావరకు మళ్ళీ మామూలవుతుంది. కానీ నాలుక పక్కన, బుగ్గ లోపల, పెదవి మీద వచ్చే తెల్లమచ్చల్ని అంత తేలిగ్గా తీసుకోకూడదు. అవి సాధారణంగా నొప్పి పెట్టవు. ఫ్రాయిడ్ నోట్లో అలాంటిది 1923లో బయటపడింది. 1939లో చనిపోయేలోపు ముప్పైకి పైగా ఆపరేషన్లు చేయించుకున్నాడు. మనుషుల మనసుల్లో దాగినవాటిని జీవితమంతా వెతికినవాడు, చుట్టలు మాత్రం మానలేకపోయాడు.

తెలుగు చదివినవాళ్ళకి చుట్ట అంటే గిరీశం గుర్తొస్తాడు. నాకు మా తాత గుర్తొస్తాడు. వర్జీనియా పండించి బేళ్ళు కట్టిన మనిషి, తాగడానికి మాత్రం నాటు పొగాకే కొనుక్కునేవాడు. "అది ఆకు కాదురా, బెల్లం" అనేవాడు మా పంటని. చుట్ట ఎప్పుడూ ఎడమ బుగ్గన. ఆ బుగ్గ లోపల తెల్లమచ్చ ఉందని అవ్వకి తెలుసు, తాతకి తెలుసు. "నొప్పి లేదుగా" అని ఇద్దరూ ఊరుకున్నారు. నొప్పి మొదలయ్యాకే ఒంగోలు తీసుకెళ్ళాం. ఆ తర్వాత పదకొండు నెలలున్నాడు. చివర్లో గొడ్డుకారం, రొట్టె అడిగేవాడు, అవ్వ పాలల్లో నానబెట్టిన అన్నం పెట్టేది.

నా ఇంజనీరింగ్ ఫీజులు పొదిలి వేలంలో అమ్ముడైన బేళ్ళ డబ్బే. వానలు నమ్ముకోలేని మా నేలల్లో కాస్త కళ్ళజూసే డబ్బు ఆ ఆకే ఇస్తుంది. అందుకని నేను ఊరికి వెళ్ళి పంట మానేయమని ఉపన్యాసం ఇవ్వను, ఇచ్చినా నాయన వినడు. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు పైపు సంగతి చెబితే ఆయన శ్రద్ధగా విన్నాడు. మన ఆకు ఎక్కువ భాగం విదేశాలకే పోతుందని ఆయనకి తెలుసు. అక్కడ ఎవరి నోట్లోకి పోతుందో ఎప్పుడూ అనుకోలేదు.

"నోరు మండితే మానేస్తారు గదరా?" అన్నాడు.

"మండకుండా తాగడం నేర్చుకుంటారు నాయనా."

ఆయన ఇంకేం అనలేదు. ఆకు కట్టిన చేతులకి జిగురు నల్లగా పట్టి ఉంది. సబ్బుతో రెండుసార్లు కడిగి అన్నానికి కూర్చున్నాడు. మొదటి ముద్ద చేదుగానే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

హైదరాబాద్ తిరిగొచ్చాక మా వాడికి ఇంకో రెండు మాటలు చెప్పాను. నోరు మండకుండా ఉండడానికి నేను చెప్పినవి అన్నీ నిజమే, నోటిని కాపాడేది మాత్రం మానేయడం ఒక్కటే అని. మానేదాకా నెలకోసారి అద్దం ముందు నిలబడి, ఫోన్ లైటు వేసుకుని, నాలుక పక్కలూ నాలుక కిందా బుగ్గల లోపలా పెదవుల లోపలా చూసుకోమన్నాను. తెల్లగానో ఎర్రగానో మచ్చ, మానని పుండు, చిన్న గడ్డ ఏది కనిపించినా, రెండు వారాల్లో పోకపోతే పళ్ళ డాక్టరుకి చూపించాలి. నొప్పి ఉందా లేదా అని చూడొద్దు.