రిచీ స్ట్రీట్‌లో మిక్సర్ వేట

"మద్రాసు వెళ్ళి మిక్సర్ కొనుక్కొస్తాను" అన్నాను. మా పిన్ని చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఇంట్లో మిక్సీ బాగానే తిరుగుతోంది గదరా! అంత దూరం పోయి ఇంకోటెందుకు, డబ్బు దండగ!" అంది.

అది పచ్చడి మిక్సీ కాదు, పాటల మిక్సర్ అని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. మైకులన్నీ దానికి తగిలించి, ఏ గొంతు ఎంత వినపడాలో మీటలు తిప్పి సరిచేసి, కంప్యూటర్‌కి పంపే పెట్టె అది. రికార్డింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు ముందు బల్లంత పరుచుకుని ఉంటుందే, దాని పిల్లన్నమాట!

నాకు దాంతో పనేమిటంటారా? మా బాబాయిది బుర్రకథ దళం. ఆయన తంబురా మీటుతూ కథ చెబుతుంటే అటొకరు, ఇటొకరు వంత పాడుతూ డక్కీలు వాయిస్తారు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. 1986లో నాజర్‌గారికి పద్మశ్రీ వస్తే అది తన ఇంటికే వచ్చినట్టు ఇప్పటికీ చెప్పుకుంటాడు బాబాయి. ముప్పై ఏళ్ళ ఆ జట్టు ఇప్పుడు విడిపోతోంది. హాస్యం చెప్పే పెద్దాయన సంక్రాంతి వెళ్ళగానే భిలాయిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. ఆలోగా అల్లూరి సీతారామరాజు కథ ఒక్కటైనా ముగ్గురి గొంతులతో దాచుకోవాలని నా తాపత్రయం.

అప్పటికే ఒకసారి భంగపడ్డాను. అరువు తెచ్చిన మిక్సర్‌తో రెండు గంటల కథ రికార్డు చేసి వింటే ఏముంది? డక్కీల హోరు! బాబాయి గొంతు తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాడిలా ఎక్కడో వినపడుతోంది. డక్కీలు తగ్గిద్దామంటే గొంతూ తగ్గిపోతోంది. కలిసిపోయిన పాలూ నీళ్ళూ వేరు చేయడానికి నేనేమైనా హంసనా? బాబాయి అంతా విని, "మంచిదే" అన్నాడు. ఆ ఒక్క "మంచిదే" నన్ను నిద్రపోనివ్వలేదు.

అందుకే డిసెంబరులో ఒక ఉదయం చీరాలలో పినాకిని ఎక్కాను. జేబులో ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన ఇరవై అయిదు వేలు. ఒంగోలు, నెల్లూరు, గూడూరు దాటి మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగాను. ఊరి పేరు 1996లోనే చెన్నై అయినా మా ఇంట్లో మాత్రం అది మద్రాసే లెండి! అక్కణ్ణుంచి మెట్రోలో ఒకే ఒక్క స్టేషను. గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగి మౌంట్ రోడ్డు పట్టుకుని కాస్త నడిస్తే రిచీ స్ట్రీట్.

అదొక లోకం! తలెత్తితే వైర్లు, దించితే అట్టపెట్టెలు. ఒక కొట్లో ఆంప్లిఫయర్లు, పక్క కొట్లో సీసీ కెమెరాలు, ఆ పక్కన మీటర్ల లెక్కన కేబుల్. టంకం వాసన, టీ వాసన కలిసిపోయి ఉంటాయి. మొదటి కొట్లో కుర్రాడు మిక్సర్ మీద ఎర్ర దీపాలు వెలిగించి, మైకులో "హలో" అని గుహలో అరిచినట్టు ఎకో వినిపించాడు. "పన్నెండు చానళ్ళు సార్!" అన్నాడు. నిజం చెప్పొద్దూ, మనసు జారింది. డబ్బులు తీయబోయాను కూడా!

ఆకలి వేసి, తిని ఆలోచిద్దామని బయటపడ్డాను. అదే నన్ను కాపాడింది. భోంచేసి వస్తూ సందు చివర ఒక చిన్న కొట్లోకి దూరాను. కొట్టాయనకి అరవై దాటి ఉంటాయి. నా అరవం రెండు ముక్కలు వినగానే నవ్వి, "తెలుగులోనే చెప్పు తమ్ముడూ, మాది నెల్లూరే!" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

"ఎన్ని చానళ్ళది చూపిస్తారన్నా?" అన్నాను.

"చానళ్ళ సంగతి తర్వాత. మైకు ముందు నిలబడేది ఎంతమంది?"

"ముగ్గురు."

"మరి పన్నెండు చానళ్ళు ఏం చేసుకుంటావు, బట్టలారేస్తావా?"

ఆయన ఒక యమహా ఎంజీ10ఎక్స్‌యూ చూపించాడు. పెట్టె మీద పది అని ఉంటుంది. కానీ మైకులు తగిలించేవి నాలుగే. మిగిలిన ఆరూ కీబోర్డు, ప్లేయర్ లాంటి వాటికి, రెండేసి చొప్పున మూడు జతలు. అంకె చూసి మోసపోకుండా మైకు రంధ్రాలు లెక్కపెట్టుకోవాలన్నమాట! కండెన్సర్ మైకు వాడితే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉందో లేదో చూడాలి. మామూలు డైనమిక్ మైకుకి అది అక్కర్లేదు. తర్వాత ఒక మైకు తగిలించి, హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టి, ఎవర్నీ మాట్లాడొద్దని గెయిన్ పెంచాడు. "ఆ బుస్సుమనే చప్పుడు విను. ఎంత తక్కువుంటే అంత మంచి సరుకు" అన్నాడు.

అప్పుడు నా గోడు చెప్పుకున్నాను. ఆయన తలాడించాడు. "చవక మిక్సర్లలో యూఎస్‌బీ ఉన్నా, చాలావాటిలో కంప్యూటర్‌కి వెళ్ళేవి రెండే ట్రాకులు, ఎడమా కుడీ. ఎన్ని మైకులు పెట్టినా ఆ రెంటిలోనే కలిసిపోతాయి." దేనికది విడిగా రికార్డు చేసే జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-8 లాంటివీ ఉన్నాయట. ధర విన్నాక జేబు తడుముకున్నాను. ఆయన నా ముఖం చూసి, చానల్ కింద ఉన్న ఒక చిన్న మీట మీద వేలు పెట్టాడు.

"దీని పేరు పాన్. మీ బాబాయిని పూర్తిగా ఎడమకి తిప్పు. డక్కీలు రెంటినీ పూర్తిగా కుడికి తిప్పు. రెండు ట్రాకులు చాలవూ?"

నేను మైకులో మాట్లాడాను. కొట్లో కుర్రాడు అట్టపెట్టె మీద దరువేశాడు. ల్యాప్‌టాప్‌లో రెండు గీతలు. కుడి గీత తగ్గించగానే దరువు వెనక్కి పోయి నా మాట ముందుకొచ్చింది! నేను అరువు మిక్సర్‌లో అన్ని పాన్‌లనీ నడిమధ్యన వదిలేశాను మరి. తప్పు పెట్టెది కాదు, నాది.

"ఎకో మాత్రం రికార్డింగులో కలపొద్దు. తర్వాత చేర్చొచ్చు గానీ తీయలేవు" అని కూడా చెప్పాడాయన. నాలుగు మైకుల చిన్న మిక్సర్ తీసుకున్నాను. ఇంకా డబ్బు మిగిలితే కేబుళ్ళు కొన్నాను.

రాత్రి బండికి టైముంది. మెట్రోలో వడపళని వెళ్ళాను. ఏవీఎం గ్లోబు ఆర్కాటు రోడ్డు మీద అలాగే ఉంది. "పాతాళభైరవి", "మాయాబజార్" తీసిన విజయా-వాహినీ నేల మీద ఇప్పుడు ఆసుపత్రి, షాపింగ్ మాల్. ఆ రోజుల్లో గాయకులూ వాద్యాలూ ఒకే హాల్లో, ఒకేసారి. ఒక్కరు తప్పినా మళ్ళీ మొదటికే. కలిశాక విడదీయడం లేదు గనక, ఎవరు మైకుకి ఎంత దూరంలో ఉండాలో ముందే తేల్చుకునేవారు. మిక్సర్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నాకూ అదే పాఠం అనుకున్నాను.

ఇంటికొచ్చి వసారాకి బొంతలు వేలాడదీశాను. బాబాయి ఒక గోడ వైపు, డక్కీలు ఎదురు గోడ వైపు. ఎర్రదీపం వెలగకుండా గెయిన్ తగ్గించి పెట్టాను. డక్కీ చప్పుడు బాబాయి మైకులోకి కొంచెం పాకింది, అబద్ధమెందుకు! అయినా ఈసారి గొంతు గొంతులాగే ఉంది. బాబాయి విన్నాడు. "ఒరే అబ్బాయ్, ఇక్కడ ఊపిరి తీసుకున్నాను చూడు, అది కూడా వినపడుతోందిరా!" అన్నాడు. "మంచిదే" అనలేదు.

మీరొక్కరే పాడుకునేవారైతే మిక్సర్ అక్కర్లేదు. రెండు మైకుల ఆడియో ఇంటర్‌ఫేస్ చాలు. పదిమంది కలిస్తేనే ఈ పెట్టె. రిచీ స్ట్రీట్‌కి వెళ్ళినా, హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళినా, ముందు ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టుకుని వెళ్ళండి.

సంక్రాంతి వెళ్ళింది. భిలాయి బండెక్కిన పెద్దాయన చొక్కా జేబులో ఒక పెన్‌డ్రైవ్ ఉంది. బండి కదులుతుంటే జేబు మీద రెండుసార్లు తట్టి చూపించాడు, డక్కీ మీద తట్టినట్టే!