ఓడడం నేర్చిన జట్టు

తెలుగు వ్యాకరణం చెప్పుకుని బతికేవాడికి మంచు మీద ఆడే హాకీతో ఏం పని అని మా ఇంట్లోనే అడుగుతారు. ఆ పని పెట్టినవాడు మా మేనల్లుడు. వాడు చదువుకున్నది అమెరికాలో, నయాగరా జలపాతానికి దగ్గరగా ఉన్న బఫెలో నగరంలో. ఆ ఊరి హాకీ జట్టు పేరు సేబర్స్. ఫోను చేసినప్పుడల్లా, "మామయ్యా, మళ్లీ ఓడిపోయాం" అనేవాడు. పరాయి ఊరి జట్టుకు వాడు వాడే ఆ ఉత్తమ పురుష బహువచనమే నన్ను ఈ కథలోకి లాగింది.

2011-12 మొదలు 2024-25 దాకా, వరసగా 14 సీజన్లు ఆ జట్టు ప్లేఆఫ్ గడప తొక్కలేదు. ఆ లీగులో అంత పొడుగు కరువు మరే జట్టూ చూడలేదు. పోనీ డబ్బుకు లోటా? లేదు. 2011లో కొత్త యజమాని టెర్రీ పెగ్యులా వచ్చారు.

ఆ లీగులో ఒక నియమం ఉంది. అడుగున మిగిలిన జట్టుకు కొత్త కుర్రాళ్లలో మేటివాణ్ణి ఎంచుకునే అవకాశం ఎక్కువ. చివరకు తేల్చేది లాటరీ. మేనేజరు డార్సీ రీగర్ 2013లో మొదలుపెట్టిన అమ్మకాలను, 2014లో వచ్చిన టిమ్ మర్రే కొనసాగించారు. కానర్ మెక్‌డేవిడ్ అనే అసాధ్యుడు 2015లో దొరుకుతాడని అందరికీ ఆశ. ఆ మార్చిలో సొంత ఊళ్లోనే ప్రత్యర్థి గోలు కొడితే బఫెలో జనం కేరింతలు కొట్టారు! జట్టు అడుగునే మిగిలింది. లాటరీ మాత్రం ఎడ్మంటన్‌కు తగిలింది. బఫెలోకు దక్కినవాడు జాక్ ఐకెల్.

ఐకెల్ సామాన్యుడు కాడు. అయితే మర్రేను 2017లో పంపించేశారు. తరవాత వచ్చిన జేసన్ బాటరిల్ 2018లో ర్యాన్ ఓరైలీని సెయింట్ లూయిస్‌కు ఇచ్చేశారు. మరుసటి ఏడే ఆ జట్టు స్టాన్లీ కప్పు గెలిచింది. ప్లేఆఫ్‌లో ఉత్తమ ఆటగాడు ఓరైలీయే. 2020లో వచ్చిన కెవిన్ ఆడమ్స్, మరుసటి ఏడు సామ్ రైన్‌హార్ట్‌ను ఫ్లోరిడాకు, మెడ శస్త్రచికిత్స విషయంలో తగవు పడిన ఐకెల్‌ను వేగస్‌కు పంపారు. ఐకెల్ 2023లో, రైన్‌హార్ట్ 2024, 2025లలో కప్పు ఎత్తారు. 2025 డిసెంబరులో ఆడమ్స్‌కూ ఉద్వాసన అయింది.

గింజ మంచిదే, నేలా మంచిదే; మొలక తలెత్తేసరికి రైతు మారిపోయేవాడు. వెళ్లిపోయే ముందు ఓరైలీ ఒక సంగతి బయటపెట్టాడు: ఓటమికి అలవాటు పడిపోతున్నామట, తనకు ఆట మీద ప్రేమే సన్నగిల్లిందట. ఓడడం ఒక పథకమని పెద్దలు అనుకున్నారు. కుర్రాళ్లకు అది పాఠమై కూర్చుంది. పథకాన్ని ఒక్క సంతకంతో మార్చవచ్చు. వంటబట్టిన పాఠాన్ని మాన్పించడం ఎంత కష్టమో పాతికేళ్లకు దగ్గరగా పాఠాలు చెప్పిన నాకు తెలుసు.

మా కళాశాలలో ఆరేళ్లలో నలుగురు ప్రిన్సిపాళ్లు మారారు. పల్లెల నుంచి వచ్చే పిల్లల కోసం ఒకాయన సాయంకాలపు తరగతులు పెడితే, తరవాతి ఆయన ఎత్తేశారు. మూడో ఆయన పరీక్షల పద్ధతి తిరగేశారు. నాలుగో ఆయన తిరిగి తరగతులు పెట్టించారు. ఇప్పుడిప్పుడే పిల్లలు నిలబడి మాట్లాడుతున్నారు. ఈలోగా ఆయనకూ బదిలీ అయింది. మేనేజరుకు ఇంకో జట్టు దొరకవచ్చు, ప్రిన్సిపాలుకు ఇంకో కళాశాల దొరకవచ్చు. బి.ఏ. కుర్రవాడికి ఆ మూడేళ్లు రెండోసారి రావు.

వచ్చే నెల అయిదో ఆయన వస్తున్నారు. దండ వేసినరోజే ఒక్క మనవి చేసుకుందామనుకుంటున్నాను: "అయ్యా, తమరు ఏం మార్చినా సరే, ఆ సాయంకాలపు తరగతులను మాత్రం ఇంకో రెండేళ్లు సాగనివ్వండి."