ఊతపదము – తకియా కలామ్

అవసరమున్నా లేకున్నా మాటిమాటికీ మన నోట దొర్లే మాటను తెలుగులో ఊతపదమంటాము. ఉర్దూలో దానినే ‘తకియా కలామ్’ అంటారు. తకియా అనగా తలగడ, ఆనుకొనే ఆధారము. కలామ్ అనగా మాట. నడవలేని మాటకు తెలుగువారు చేతికర్ర నిచ్చినారు, అలసిన మాటకు ఉర్దూవారు తలక్రింద దిండు పెట్టినారు. రెండు భాషల పుటలను ఒక్క అట్టలో కుట్టుకొనే మన సంచికకు ఇంతకంటె తగిన విషయము దొరకదని తోచి ఈ నాలుగు మాటలూ వ్రాయ సాహసించినాము.

తరగతి గదిలో వెనుక బల్లలవారికి ఈ శాస్త్రంలో ప్రవేశ మెక్కువ. అధ్యాపకులు ఒక గంటలో ‘అర్థమయిందా?’ అని ఎన్నిసార్లన్నారో నోటుపుస్తకం చివరి పుటలో గీతలు గీసి, అయిదేసి గీతలను ఒక కట్టగా కట్టి, గంట కొట్టగానే లెక్క అప్పగించగలరు. పాఠం మాత్రం అప్పగించలేరు. అధ్యాపకులైనా ఆ ప్రశ్నకు బదులు వచ్చేదాకా ఆగుతారా అంటే, ఆగరు. ఉభయపక్షాలకూ అది ఊపిరి తీసుకొనే చోటు. సంస్కృత కవులు పాదంలో అక్షరాలు చాలనప్పుడు ‘చ’, ‘వై’, ‘తు’, ‘హి’ అని నింపుకున్నారు. లాక్షణికులు దానికి పాదపూరణమని గౌరవప్రదమైన పేరుపెట్టి క్షమించినారు. కవికి చెల్లిన వెసులుబాటు మాష్టారికీ, మనకూ చెల్లకూడదా?

కావున, ఊతపదాలను ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. మన నెల్లూరు సీమలో ‘ఏందబ్బా’, ‘అట్టనా’ అనే మాటలు లేకుండా ఇద్దరు స్నేహితుల సంభాషణ నాలుగడుగులైనా సాగదు. మన ఇండ్లలోని ఉర్దూ సంగతి మరీ వింత. ఇందులోని ‘నక్కో’ మరాఠీ నుండి వచ్చి చేరినది. ‘వస్తానని చెప్పాడు’ అనే వాక్యంలో తెలుగు ‘అని’ చేసే పనిని దక్కనీ ‘బోల్‌కే’ అనే మాట చేత చేయించుకొంటున్నది. గ్రంథాలలోని ఉర్దూ తెలిసినవారు విని నవ్వవచ్చును. మాకు మాత్రం అందులో ఇరుగుపొరుగుల పెరటిగోడ మీదుగా గిన్నెలు చేతులు మారిన చప్పుడు వినిపిస్తుంది.

అట్లు చేతులు మారిన మాటలలో మిక్కిలి విలువైనది ‘పోయొస్తా’. తెలుగింట గడప దాటేవారు ‘పోతున్నా’ అనరు. పొరపాటున అన్నచో ఇంటిలోని పెద్దలు ఆపి, ‘పోయొస్తానని చెప్పు’ అని దిద్దుతారు. దక్కనీ మాట్లాడే ఇంటిలోనూ అదే పద్ధతి: ‘జాకే ఆతూఁ’. సంతకు పోయేవానికి ఇది ఒట్టి అలవాటు కావచ్చును. మైపాడులోనో, ఇస్కపల్లిలోనో, జువ్వలదిన్నెలోనో తెల్లవారకముందే పడవ నెక్కే మనిషి అన్నప్పుడు ఆ మాట బరువు వేరు. 1989 నవంబరులో కావలి సమీపాన తీరం దాటిన పెనుతుపానునూ, 2004 డిసెంబరు 26 నాటి సునామీనీ చూసిన తీరమిది. ఇక్కడ ‘వస్తా’ అన్నది వినేవారికి వాగ్దానము, అనేవారికి ప్రార్థన. వేయిసార్లు పలికినా ఆ మాట అరగలేదు; ఏలయన, ప్రతిసారీ దాని వెనుక ఎదురుచూచే మనిషి ఒకరున్నారు.

దేవుని తలచే ఊతపదాలదీ ఇదే కథ. బస్సు ఆలస్యమైనదనుకొనండి. ఒకరు ‘అల్లా మాలిక్’ అని నిట్టూరుస్తారు. పక్కవారు ‘అంతా ఆ రంగనాయకుల దయ’ అంటారు. ఇంతలో బస్సు కనబడగానే మూడవవారు ‘దేవునికి స్తోత్రం’ అని బుట్ట నెత్తికెత్తుకుంటారు. ముగ్గురూ అన్నది ఒక్కటే. మన చేతిలో లేనిది కొంత ఉన్నదని ఒప్పుకొనడమే ఆ మాటల అసలు అర్థము.

చిక్కు ఎక్కడ వచ్చినదంటే, మన చేతిలో ఉన్నదానికి కూడ ఆ మాటలనే అడ్డము పెట్టుకొన్నప్పుడు. ‘రేపు ఈ పని చేస్తాను’ అని దైవేచ్ఛను తలవకుండ చెప్పరాదని ఖుర్‌ఆన్‌లో 18వ సూరా అయిన కహఫ్, 23, 24 ఆయతులలో ఉన్నది. ‘ఇన్షా అల్లా’ అనే సంప్రదాయానికి ఆధారమిదే. చేయదలచినవాడు తన అహంకారాన్ని తగ్గించుకొనేందుకు చెప్పవలసిన మాట అది. అంగడిలో దాని గతి ఏమైనదో చూడండి. దర్జీ ‘పండుగకు ముందే, ఇన్షా అల్లా’ అంటే, పండుగకు పాతబట్టలే అని పిల్లవానికి కూడ తెలిసిపోతుంది. అప్పు తీసుకున్నవాడు ‘వచ్చే నెల, ఇన్షా అల్లా’ అంటే, ఇచ్చినవాడు నవ్వి, ‘అది సరే సాయిబూ, తేదీ చెప్పు’ అంటాడు. అతడు నవ్వుతూ అన్నమాటే, వేళాకోళమే. కాని అది ఎక్కడ తగలవలెనో అక్కడ తగులుతుంది. తాతముత్తాతలు భక్తితో పలికిన మాట పొరుగువాని చెవికి వాయిదా అని వినబడితే, పోయిన పరువు ఆ ఒక్క బాకీదారుది మాత్రమేనా? ఆఫీసులోని ‘రేపు రండి’, రాజకీయుల ‘పరిశీలిస్తాం’, బంధువుల ‘చూద్దాంలే’ ఇదే కోవకు చెందినవి. అయితే అవి దేవుని పేరు వాడుకొనలేదు; ఆ మేరకు వాటి పాపము తక్కువ.

ఒట్ల సంగతి కూడ చెప్పవలె. ‘అమ్మతోడు’, ‘ఒట్టు’, ‘ఖుదా కసమ్’ అని ఊరకే అనేవారు మనలో ఎందరో. దీనికి శాస్త్రంలో దయ ఉన్నది. అల్‌మాయిదా సూరా 89వ ఆయతు ప్రకారం నోటి అలవాటుగా దొర్లిన వ్యర్థపు ఒట్లకు పట్టింపు లేదు. మాటల మధ్య ‘కాదు వల్లాహ్’, ‘అవును వల్లాహ్’ అనుకొనేవి ఇట్టివేనని హజ్రత్ ఆయిషా వివరించినట్లు హదీసు గ్రంథాలలో కలదు. మనసారా వేసిన ఒట్టు తప్పితే మాత్రం పరిహారమున్నది: పదిమంది పేదలకు అన్నమో, బట్టలో ఇవ్వాలి, లేదా ఒక బానిసను విడిపించాలి, ఇవేవీ శక్యం కానివాడు మూడు దినములు ఉపవాసముండాలి. నాలుక జారినందుకు క్షమ, మనసు జారినందుకు శిక్ష. ఊతపదాలను తూచేందుకు ఇంతకంటె మంచి త్రాసు మాకు కనబడలేదు.

మాటకు బరువు తగ్గని చోటు మన ఊరిలోనే ఒకటున్నది. మొహర్రం రోజులలో బారాషహీద్ దర్గా చెంత, స్వర్ణాల చెరువులో దిగి నిలిచిన జనం ‘చదువు రొట్టె’, ‘ఉద్యోగ రొట్టె’, ‘సంతాన రొట్టె’, ‘ఆరోగ్య రొట్టె’ అని కేకలు వేస్తుంటారు. కోరిక గలవారు ఆ పేరుగల రొట్టె నందుకొంటారు. కోరిక తీరినవారు మరుసటి సంవత్సరము అదే రొట్టె తెచ్చి మరొకరికి ఇవ్వాలి. పత్రము లేదు, సాక్షి లేడు, వసూలు చేసేవాడు లేడు. అన్ని మతాలవారూ అక్కడ నీటిలో నిలబడి, ఏడాది క్రిందట మనసులో అనుకొన్న మాటను చెల్లించుకొంటారు. ఆ చెరువు గట్టున చెల్లుతున్న మాట, అర మైలు దూరంలోని అంగడి వీధిలో ఎందుకు చెల్లకూడదు?

నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలన్నారు. కర్ర విరిచి పొయ్యిలో పెట్టమని మేము చెప్పము; ఊతపదాలు పోయిననాడు అవ్వల గొంతులు కూడ పోతాయి. మేము కోరేది స్వల్పము. విద్యార్థిమిత్రులు ఈ ఏడాది ‘ఇన్షా అల్లా’ అన్నప్పుడల్లా దాని ప్రక్కన ఒక తేదీ కూడ చెప్పవలెను, ఆ తేదీకి తమ వంతు పని పూర్తిచేయవలెను. మిగిలినది దైవాధీనము.

ఈ వ్యాసము ఇస్తామని సంచిక సంఘమువారికి మేము కూడ ‘ఇన్షా అల్లా’ అనియే చెప్పియుంటిమి. గడువుకు రెండు దినములు ముందుగానే అందజేసినామని ఇందుమూలముగా మనవి.