పాత చెవి, కొత్త పాట

పేరు లేనివాడు పాటకు మంచి వరస కడితే, “ఎవడో గాని బాగా కట్టాడే!” అంటారు. పేరు పడ్డవాడు అంతకన్న మంచి వరస కట్టినా, “బాగానే వున్నది గాని...” అంటారు. ఆ “గాని” దగ్గరే వున్నది తమాషా అంతా.

2011లో “శ్రీరామరాజ్యం” పాటలు వచ్చాయి. దర్శకుడు బాపు, మాటలు ముళ్ళపూడి వెంకటరమణ, పాటలు జొన్నవిత్తుల, సంగీతం ఇళయరాజా. “సాగర సంగమం” (1983), “రుద్రవీణ” (1988) చిత్రాలకు జాతీయ బహుమతులు పుచ్చుకున్న మనిషి. కొత్తగా ఎవరి దగ్గరా మెప్పు సంపాదించవలసిన పని లేదు. అయినా పాపం, ఆయన ఒకేసారి ఇద్దరితో తలపడవలసివచ్చింది. ఒకరు 1963 “లవకుశ”కు సంగీతం చేసిన ఘంటసాల. రెండో ఆయన, పాతికేళ్ళ కిందటి ఇళయరాజా!

ప్రొద్దుటూరు వెళ్ళినప్పుడు ఆ సి.డి. కొనుక్కొచ్చాను. మా ఎర్రగుంట్లలో వానలకు కరువు గాని అభిప్రాయాలకు కాదు. సాయంత్రం నాపరాయి అరుగు మీద కూచుంటే చాలు, అవే వస్తాయి. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మిత్రుడు మొదటి పాట సగం విని, “ఘంటసాల ముందర నిలబడ్తాదా ఇది?” అని తేల్చేశాడు. మా కాలేజీ కుర్ర లెక్చరరు, “ఆ వయొలిన్లు చూడండి సార్! పాతదాంట్లో యేముంది?” అన్నాడు. ఆయన పాతది ఎన్నడూ పూర్తిగా వినలేదని రెండు ప్రశ్నల్లో బయటపడింది. మూడో ఆయన వాదం మరీ సూక్ష్మం: “పాటలు బాగుండాయి. కానీ వీటిల్లో ఇళయరాజా లేడు.” వుంటే మాత్రం వూరుకునేవాడా? పాడిందే పాడినాడనేవాడు.

మా అవ్వ తీర్పు వేరు. పెళ్ళయిన కొత్తల్లో ఎద్దులబండి కట్టించుకొని ప్రొద్దుటూరు పోయి “లవకుశ” చూసిన మనిషి. ఆ యేడే కడపలో రేడియో కేంద్రం కూడా మొదలయింది. రేడియోలోనూ, శ్రీరామనవమి పందిళ్ళ మైకుల్లోనూ విని విని, ఆ పాటలు ఆమెకు పూజామందిరంలో పటాల వంటివైపోయాయి. కొత్తవన్నీ ఓపికగా విని, “అంతా బాగానే వుండాది గానీ నాయనా, ఆ పిల్లకాయల గొంతులేవీ?” అన్నది.

“అవి పిల్లకాయల గొంతులు కాదవ్వా. లీల, సుశీల పాడినారు.”

“చూసొచ్చింది నేనా, నువ్వా?” అన్నది. ఇక నేనేం చెప్పను!

అయితే ఆమె నోటనే మరో సంగతి విన్నాను. ఆమె అత్తగారు 1934 నాటి “లవకుశ” చూసిందట. అదీ సి. పుల్లయ్యగారు తీసిందే. రంగుల “లవకుశ”నూ ఆయనే మొదలుపెట్టారు, కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చేశారు. 1934లో నేపథ్యగానం లేదు. ఎవరి పాట వారే పాడుకోవాలి. సీత శ్రీరంజని. ఆ అత్తగారు 1963లో కోడలితో పాటు బండెక్కి వెళ్ళి, సినిమా అంతా చూసి, తిరుగుదారిలో అన్నదట: “బాగానే వుండాది గానీ, శ్రీరంజని పాడితే యేడ్చినాను. దీనికి యేడుపు రాలేదే!”

ఈ మాట చెప్పి అవ్వ నవ్వింది. తన మాటకూ అత్త మాటకూ పోలిక వున్నదని మాత్రం ఒప్పుకోలేదు.

నన్నడిగితే, తెలుగు చదువుకున్నవాణ్ణి గనుక, నా చెవి ముందు మాట మీదికి పోతుంది. ఘంటసాల వరసలో మాటకు దారి వదిలిపెట్టి వాద్యం పక్కన నడుస్తుంది. పందిట్లో పనులు చేసుకుంటూ విన్నా కథ తెలిసిపోతుంది. ఇళయరాజా వాద్యాలు పక్కన నడవవు. అవీ కథ చెబుతామంటాయి. అందుచేత మొదటిసారి మాట జారిపోతుంది. మూడోసారి, ఒంటరిగా కూచుని వింటే, రెండూ కలిసి దొరుకుతాయి. ఆ మూడోసారి దాకా ఆగే శ్రోత యెక్కడ?

మా అక్క కూతురికి అప్పుడు తొమ్మిదేళ్ళు. 2012 శ్రీరామనవమికి పందిట్లో పాడతానని కొత్త పాట పట్టుకున్నది. అవ్వ పాతది నేర్పుతానన్నది. పిల్ల వద్దన్నది. “ఇంగ నా పాట నాతోనే పోతాదిలే” అని అవ్వ లోపలికి వెళ్ళిపోయింది. ఆమె అలిగితే సరిపెట్టవచ్చు; ఆమె అలగలేదు, ఆ మాట మామూలుగానే అన్నది. అదే మాకు కష్టంగా తోచింది. రెండు రోజులు ఇంట్లో ఏ పాటా వినిపించలేదు.

మూడోనాడు పిల్ల మెల్లగా సాధన మొదలుపెట్టింది. వంటింట్లోంచి కేక వినిపించింది: “‘ళ’ అనవే పాపా, ‘ల’ కాదు!” పిల్ల దిద్దుకొని పాడి, చరణం అయిపోగానే ఆగింది. తరువాతి చరణం వంటింట్లోంచి వచ్చింది. పిల్ల ఇంకా అక్కడిదాకా నేర్చుకోనే లేదు.