పోర్టు కనబడని రాత్రి

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా ఊరు పాడేరు అవతల కొండ మీద. ఊట నీళ్ళు పైపులో వచ్చి ట్యాంకులో పడతాయి. నిండిందో లేదో చూడ్డానికి అమ్మ రోజూ గట్టెక్కాలి. ఆ నీటి మట్టం కొలిచే పరికరమే నా ఫైనలియర్ ప్రాజెక్టు. ఆర్డునో బోర్డు లెక్క పంపితే, లైనక్స్‌లో నేను రాసిన ప్రోగ్రాం చదవాలి. నా దగ్గరున్నది ఒక పాత విండోస్ ల్యాప్‌టాప్. అందులోనే వర్చువల్‌బాక్స్ పెట్టి ఉబుంటు వేసుకున్నా.

రివ్యూ ముందురోజు రాత్రి బోర్డు తగిలించా. విండోస్‌లో కామ్3 అని కనబడుతోంది. ఉబుంటులో మాత్రం టిటివైఎస్0 నుంచి 31 దాకా ఉత్త పేర్లే. ఏది తెరిచినా ఎర్రరే. ఉబుంటు మొత్తం తీసేసి రెండుసార్లు మళ్ళీ వేశా. పోర్టు రాలేదు. క్లాసులో ఎవరో అన్న "కోటాలో వచ్చినోళ్ళు" అనే మాట గుర్తొచ్చింది. నిజమేనేమో, ఇవి మనవల్ల కావేమో అనిపించింది.

పదకొండింటికి మా హాస్టల్ సీనియర్ అన్నకి ఫోన్ చేశా. ఆయన నవ్వలేదు. "మిషన్‌కి అసలు పోర్టు ఇచ్చావా తమ్ముడూ?" అన్నాడు.

వర్చువల్ మిషన్ అంటే వేరే కంప్యూటర్ కిందే లెక్క. ల్యాప్‌టాప్‌కి ఉన్న పోర్టు దానికి దానంతటది రాదు, మనమే ఇవ్వాలి. ముందు మిషన్‌ని సేవ్ చేసి వదిలేయకుండా పూర్తిగా షట్‌డౌన్ చెయ్యాలి. సెట్టింగ్స్‌లో సీరియల్ పోర్ట్స్‌కి వెళ్ళి పోర్ట్ 1 ఎనేబుల్ చెయ్యాలి. మోడ్ హోస్ట్ డివైస్, పాత్ కామ్3 అని ఇవ్వాలి. విండోస్‌లో సీరియల్ మానిటర్ తెరిచి ఉంటే మూసేయాలి, ఒకే పోర్టుని ఇద్దరు పట్టుకోలేరు.

మిషన్ ఆన్ చేసి డీమెసేజ్ కమాండ్ కొట్టా. టిటివైఎస్0 పక్కన 16550ఎ అని వచ్చింది. అంటే పోర్టు నిజంగా ఉన్నట్టే. తెరిస్తే ఈసారి పర్మిషన్ డినైడ్! నా యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయ్యి మళ్ళీ వచ్చా. స్పీడు రెండువైపులా 9600 పెట్టా. హాస్టల్ బకెట్‌లో నీటి మట్టం స్క్రీన్ మీద కనబడింది. ఒంటిగంటకి బకెట్ చూసి ఏడ్చింది నేనొక్కడినేనేమో!

నాకు రాక కాదు, అంతకుముందు ఎవరూ చెప్పక. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మీలో ఎవరికైనా ఇలా ఆగిపోతే సిగ్గుపడకుండా ఇక్కడ అడగండి. ఆ రోజు అన్న ఎత్తినట్టే నేనూ ఫోన్ ఎత్తుతా.

జై ఆదివాసీ.